రెండో కొమ్ము

మా బ్రాక్‌డేల్ ఊరి హాలులో, టీ కప్పుల బీరువా పైన, ఒక ఫొటో వేలాడుతూ ఉంటుంది. అందులో ఒక పొట్టేలు. తెల్లని మొహం, చుట్లు తిరిగిన కొమ్ములు, వీపున ఎర్రమట్టి జాజు పూత. నలుపు తెలుపు ఫొటో కాబట్టి జాజు మసిలా కనిపిస్తుంది. ఒక కొమ్మును జోనస్ ఫీరన్ పట్టుకుని ఉన్నాడు. తెల్లకోటు, టోపీ, మీసం, మనిషంతా ఉన్నాడు. రెండో కొమ్మును ఒక చేయి పట్టుకుని ఉంది. చేయి మాత్రమే. మణికట్టు దగ్గర ఫ్రేము అడ్డం వచ్చింది.

కింద ఇలా రాసి ఉంటుంది: ఛాంపియన్ పొట్టేలు, 1947. యజమాని: జె. ఫీరన్.

ఆ చేయి ఎవరిదని కొత్తవాళ్ళు అడుగుతారు. పోయిన వసంతంలో ఎవరో అడిగితే, “ఎవరో పనిమనిషిదై ఉంటుంది లెండి,” అని హాలు చూసుకునే ఆవిడ చెప్పింది. నా చెవిన పడింది. టీ అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు అన్నాడు. డాక్టరుకు గొర్రెలు లేవు.

ఆ చేయి హన్నా మాసప్‌ది.

హన్నా వాళ్ళ హైగిల్ మా లోయలో చిట్టచివరి పొలం. దాని పైన ఇక గోడలు లేవు. కొండ, గొర్రెలు, వాన. దాని కింద మా పొలం. మధ్యలో ఒక రాతిగోడ. అది కూలినప్పుడల్లా అటునుంచి ఆమె, ఇటునుంచి నేను కట్టేవాళ్ళం. ఆమె మనసు నాకు తెలుసని చెప్పలేను. చేతులు తెలుసు. ఫొటోలో చూపుడువేలు కొంచెం వంకరగా ఉంటుంది. ఒకసారి గోడరాయి పడి విరిగింది. గుడ్డ చుట్టుకుని ఆ వరస పూర్తిచేసి, అప్పుడు ఇంటికి వెళ్ళింది.

హన్నా మాట్లాడదని కొందరు అనేవాళ్ళు. అబద్ధం. బాగానే మాట్లాడేది. గొర్రెలతో, కుక్కతో, పొయ్యితో, వానతో. మనుషులతో అవసరం పడితే.

ఆమె భర్త విల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు సెప్టెంబరులో పోయాడు. గుండె ఆగింది. ఆ వేసవి అంతా వానలే. కోసిన గడ్డి పొలంలోనే కుళ్ళుతూ ఉంది. దాన్ని తిరగేస్తూ తిరగేస్తూ పడిపోయాడు.

మా లోయలో భూమి ఎవరికీ సొంతం కాదు. ఎస్టేటుది. మేమంతా కౌలుదారులం. ఎస్టేటు తరఫున క్రాస్బీ అనే ఏజెంటు వచ్చిపోతూ ఉండేవాడు. అంత్యక్రియలైన వారానికి హైగిల్‌కు వచ్చాడు. టోపీ తీశాడు. అది చెప్పాలి. తీసి, మోకాలి మీద పెట్టుకుని మొదలుపెట్టాడు.

“చూడండి మిసెస్ మాసప్. కొండ మంద అంటే మగాడి పని. ఒక్కరే ఎలా నెట్టుకొస్తారు?”

“ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చానో అలాగే.”

“ఇన్నాళ్ళూ విల్ఫ్రెడ్ ఉన్నాడు.”

“ఉన్నాడు. ఆయన నడుము పట్టేసినప్పుడల్లా మందను కొండ దింపింది ఎవరో మీ కాగితాల్లో ఉందా?”

“కాగితాల్లో కౌలుదారు పేరు ఉంటుందండి.” అతను లేచాడు. “చలికాలం గడవనివ్వండి. మీరెలా లాక్కొస్తారో చూసి, మే నెల ఊరి షోలో ఒక మాట చెబుతాను.”

మే నాటికి ఆమె చేతులెత్తేస్తుందని అతని నమ్మకం. హైగిల్ కోసం అప్పటికే ఇద్దరు అడిగారని తర్వాత తెలిసింది. ఇద్దరూ మగాళ్ళే. వాళ్ళలో ఒకడికి చర్చి మెట్లెక్కినా ఆయాసమే.

ఇప్పుడు పొట్టేలు సంగతి చెప్పాలి.

మందకు పిల్లలు పుట్టించే మంచి పొట్టేలును అందరూ కొనలేరు. అక్టోబరు సంతలో అద్దెకు తెచ్చుకుంటారు. అది చలికాలమంతా తెచ్చుకున్నవాళ్ళ దగ్గరే ఉంటుంది. మే నెలలో, ఊరి ప్రదర్శనలో, తిరిగి అప్పగించాలి. ఇంటి దగ్గర కాదు, దారిలో కాదు. బరిలో, అందరి కళ్ళ ముందు. యజమాని ఒక కొమ్ము పట్టుకుంటాడు. సాకినవాళ్ళు రెండో కొమ్ము పట్టుకుంటారు. జడ్జి పళ్ళు చూస్తాడు, కాళ్ళు చూస్తాడు, ఊలు విప్పి చూస్తాడు. చివరికి అడుగుతాడు: “చలికాలం దీన్ని సాకింది ఎవరు?”

ఆ పేరు యజమానే తన నోటితో చెప్పాలి. చెప్పి సాకినవాళ్ళతో చేయి కలపాలి. అప్పటికిగానీ అద్దె తీరదు. బక్కచిక్కిన పొట్టేలును తెచ్చినవాళ్ళ పేరూ అలాగే వినిపిస్తుంది. ఆ సిగ్గుకు భయపడి, తాము అర్ధాకలితో ఉండి పొట్టేలుకు పెట్టినవాళ్ళు మా లోయలో ఉన్నారు. గెలిస్తే కప్పు యజమానిది. పేరు ఇద్దరిదీ. ఇంతకంటే న్యాయమైన పద్ధతి నేను ఏ చట్టంలోనూ చూడలేదు.

ఆ అక్టోబరులో హన్నా జోనస్ ఫీరన్ దగ్గర పొట్టేలు తీసుకుంది. ఫీరన్‌ది నది పక్కన చదును భూమి. వాళ్ళ పొట్టేళ్ళకు చుట్టుపక్కల లోయల్లో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. మనిషికి గొర్రె తెలుసు. అది నేను కాదనను.

జనవరి ఆఖరులో మంచు మొదలైంది. మార్చి సగం వరకు విడవలేదు. గోడలు మునిగిపోయాయి. మంచు తుఫానుకు గొర్రెలు గోడ చాటుకు చేరతాయి. అదే వాటికి గొయ్యి అవుతుంది. పొడుగాటి కర్రతో మంచును పొడుచుకుంటూ తిరగాలి. కింద గొర్రె బతికుంటే దాని ఊపిరికి పైన చిన్న బెజ్జం పడుతుంది, అంచు పసుపు పచ్చగా ఉంటుంది. హన్నా రోజూ ఆ బెజ్జాలు వెతికేది. ఆమె కుక్క మంచు మీద ఆగి గోకిన చోట తవ్వేది. కొన్నిసార్లు గొర్రె లేచి నిలబడేది. చాలాసార్లు లేచేది కాదు.

మంచు తెరిపి ఇచ్చిన ఒక మధ్యాహ్నం, గాలికి బయటపడ్డ గోడ పైరాళ్ళ మీద నడుచుకుంటూ హైగిల్ వెళ్ళాను. వంటింట్లో, పొయ్యికీ బల్లకీ మధ్య, పొట్టేలు నిలబడి ఉంది.

“ఇదేంటి హన్నా, వంటింట్లో?”

“కొట్టం కప్పు కూలింది. కూర్చో. కొంచెం దూరంగా కూర్చో, దానికి నువ్వంటే పడదు.”

“నేనేం చేశాను?”

“ఏం చేయనక్కర్లేదు. నీ మొహం చాలు.”

ఆమె మొహం మాత్రం సగమైపోయింది. మూల మేతకు కోసుకొచ్చిన హాలీ అనే ముళ్ళ ఆకుల చెట్టు కొమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. చెట్టు పైకొమ్మల ఆకులకు ముళ్ళు ఉండవు. అవి కోయాలంటే చెట్టెక్కాలి. ఎక్కినట్టుంది, చేతుల నిండా గీతలు. పొయ్యి మీద ఓట్స్ జావ ఉడుకుతోంది. దించి రెండు గిన్నెల్లో పోసింది. పెద్ద గిన్నె పొట్టేలు ముందు పెట్టింది.

“అది నీ గొర్రెలకు పెట్టుకోవచ్చు కదా,” అన్నాను. “ఇది ఫీరన్ పొట్టేలు.”

“నాదైతే ఎప్పుడో చావనిచ్చేదాన్ని. నాది కాదు కదా.”

ఆ మాట నేను చాలామందికి చెప్పాను. లోయ బయటివాళ్ళకు అది పిచ్చిమాటలా వినిపిస్తుంది. మా వాళ్ళు తలూపి ఊరుకుంటారు.

మంచు కరిగేసరికి ఆమె మందలో సగానికి పైగా పోయింది. అందరిదీ అలాగే పోయింది. ఫీరన్ అద్దెకిచ్చిన పొట్టేళ్ళలో వేరే ఇళ్ళకు వెళ్ళినవి చాలావరకు చచ్చిపోయాయి. దారులు తెరుచుకున్నాక కూడా అతను హైగిల్ వైపు రాలేదు. ఉత్తరాలు తెచ్చే ముసలాయనతో కబురు పంపాడు: పొట్టేలు బతికుందా?

“బతికే ఉందని చెప్పు,” అంది హన్నా. “అది మాత్రం నీ గురించి అడగలేదని కూడా చెప్పు.”

ఆ ఏడాది ప్రదర్శన ఉండదనుకున్నాం. ఏం చూపించాలి, చచ్చినవాటి తోళ్ళా? అయినా పెట్టారు. పెట్టి మంచిపని చేశారు. చలికాలమంతా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎవరు మిగిలారో, ఎవరు ముసలివాళ్ళైపోయారో చూసుకోవడానికి ఒక పొలం కావాలి, ఒక రోజు కావాలి. పొట్టేళ్ళు ఒక వంక. నది ఒడ్డున డేరాలు లేచాయి. పొట్టేలు కొమ్మును వేడిచేసి వంచి పిడిగా బిగించిన చేతికర్రలు బల్ల మీద వరుసగా పేర్చారు. పూల కుట్టు వేసిన లాగులు తొడుక్కుని కుస్తీవాళ్ళు వచ్చారు. కొండకొమ్ము దాకా పరుగెత్తి దిగే పందేనికి సగంమంది చలికాలపు దగ్గుతోనే వచ్చారు. రేషను చక్కెర దాచి దాచి ఆడవాళ్ళు అల్లం రొట్టెలు చేసుకొచ్చారు. బురద, పైపు పొగ, తడి ఊలు వాసన. ఆ వాసన తగలగానే చాలామందికి బతికున్నామని నమ్మకం కుదిరింది.

కానీ ఆ ఏడాది మాకొక కొత్త కార్యదర్శి ఉన్నాడు. పెంబర్టన్. పట్నంలో బ్యాంకు ఉద్యోగం విరమించి మా లోయకు వచ్చి స్థిరపడ్డాడు. లౌడ్‌స్పీకరు తెచ్చాడు. కార్యక్రమం అచ్చు వేయించాడు. చెడ్డవాడు కాదు. ఏప్రిల్‌లో కమిటీ కూర్చున్నప్పుడు ఫీరన్ ఒక మాట అన్నాడట: “ఈసారి సాకిందెవరని బరిలో అడగొద్దు. చేతిలో పొట్టేళ్ళు చచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది.” పెంబర్టన్‌కు అది దయగల మాటగా తోచింది, పైగా సమయం కలిసొస్తుంది. మిగతావాళ్ళు నేల చూశారు. వాళ్ళ చేతుల్లోనే పొట్టేళ్ళు చచ్చాయి మరి. ఓడినవాళ్ళ సిగ్గును అడ్డం పెట్టి, ఓడని ఒక్క మనిషిని మాయం చేశారు. దానికి దయ అని పేరు పెట్టారు.

ఈ సంగతి కమిటీ బయట ఎవరికీ చెప్పలేదు. అచ్చు కాగితంలో ఆ ప్రశ్న లేదు. లేనిదాన్ని ఎవరు చదువుతారు?

ఆ ఉదయం హన్నా పొట్టేలును నడిపించుకుంటూ లోయ దిగింది. వాగులో మొహం కడిగింది, కొమ్ములకు నూనె రాసింది, వీపుకు జాజు పట్టించింది. మైదానం గేటు దగ్గర ఫీరన్ తెల్లకోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. నేనూ నా భార్య ఎల్సీ మా బండిలో సామాను దించుకుంటున్నాం.

“నడిపించుకొచ్చావా హన్నా? పలుపు ఇటివ్వు. కాళ్ళకు బురదంటింది, తుడిపిస్తాను.”

“నేను తుడుస్తాలే జోనస్.”

“నువ్వెళ్ళి వేడిగా ఏదైనా తాగు. అద్దంలో మొహం చూసుకున్నావా? నీకంటే పొట్టేలే నయంగా ఉంది.”

“అది తిన్నది నేను తినలేదు మరి.”

అతను నవ్వాడు. ఆమె పలుపు ఇచ్చింది.

బయటివాళ్ళయితే ఇవ్వరు, బరి దాకా పట్టుకునే ఉంటారు. ఇలాంటి తప్పు మా లోయలో పుట్టినవాళ్ళే చేస్తారు. బరిలో తప్ప అప్పగింత జరగదని ఆమెకు ఎంత గట్టి నమ్మకమంటే, గేటు దగ్గర పలుపు అందించడం ఆమె లెక్కలో ఏమీ కాదు. గుమ్మం ఎక్కుతూ చేతిలో గొడుగు పక్కవాళ్ళకు అందించడం లాంటిది.

ఎల్సీ ఆమెను డేరాలోకి లాక్కెళ్ళింది.

“కూర్చోవే. టీ నీళ్ళలా ఉంది కానీ వేడిగా ఉంది. ఈ రొట్టె ముక్క తిను. రొట్టెల పోటీ జడ్జీలు కోసిన వైపే, చూడు ఎంత పిసినారిగా కోశారో.”

“ఇంత చక్కెర ఎక్కడిదే ఎల్సీ?”

“అడక్కు. క్రిస్మస్ నుంచి మా ఆయన టీలో చక్కెర వెయ్యడం మానేశా. ఇంకా తెలీదు. జలుబుకి నాలుక చచ్చిపోయిందనుకుంటున్నాడు.”

అప్పుడే నేను డేరా గుమ్మంలోకి వచ్చాను. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. హన్నా నవ్వు సెప్టెంబరు తర్వాత అదే చూడటం. అంతలో లౌడ్‌స్పీకరు గురగుర మంది.

“పెద్ద పొట్టేళ్ళలో మొదటి బహుమతి, జోనస్ ఫీరన్. పెంచినవారు, ప్రదర్శించినవారు, జోనస్ ఫీరన్.”

“నిన్ను పిలవలేదేమే?” అంది ఎల్సీ.

హన్నా కప్పు కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. లేచి బరి వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

ఫీరన్ బరి చుట్టూ కట్టిన తాడు అంచున పొట్టేలును పట్టుకుని ఉన్నాడు, తర్వాతి పోటీ కోసం. అది ఛాంపియన్ పోటీ. అన్ని వర్గాల్లో గెలిచినవి ఒక్కసారే బరిలోకి దిగుతాయి.

“నన్ను పిలవలేదేం?” అంది.

“ఎందుకు పిలవాలి? పొద్దున గేటు దగ్గరే అప్పగించేశావు. పలుపు ఇచ్చావు, తీసుకున్నాను. అద్దె తీరిపోయింది.”

“అప్పగింత బరిలో కదా జోనస్. జడ్జి అడగలేదా?”

“ఈ ఏడాది అడగరు. కమిటీ వద్దంది. పొట్టేళ్ళు పోయినవాళ్ళు బాధపడతారని.”

“నా పొట్టేలు పోలేదు.”

“నా పొట్టేలు,” అన్నాడు ఫీరన్.

తాడుకు అవతలి పక్క ఏజెంటు క్రాస్బీ నిలబడి ఉన్నాడు. చేతిలో అచ్చు కాగితం. గెలిచినవాళ్ళ పేర్ల పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటున్నాడు. హన్నా అతన్ని చూసింది. అతను కాగితం చూస్తున్నాడు. ఆ కాగితంలో మాసప్ అనే పేరు ఎక్కడా లేదు. ఆ చలికాలం హైగిల్‌లో ఒక మనిషి ఉందని ఆ మైదానంలో ఏదీ చెప్పడం లేదు. ఒక్క పొట్టేలు తప్ప. దాని పలుపు వేరేవాడి చేతిలో ఉంది.

పొట్టేళ్ళు బరిలోకి వెళ్ళాయి. హన్నా తాడు కింద నుంచి దూరింది. లోపలికి నడిచి వెళ్ళి రెండో కొమ్ము పట్టుకుంది.

పొట్టేలు ఏమీ చేయలేదు. అది ఆమెను గుర్తుపట్టి తల ఆనించిందని మా ఊళ్ళో కొందరు కథ చెబుతారు. నమ్మకండి. పొట్టేళ్ళు మేతను గుర్తుపడతాయి.

“వదులు,” అన్నాడు ఫీరన్ పళ్ళ బిగువున. “జనం చూస్తున్నారు.”

“చూడటానికే వచ్చారు.”

“ఆ మహిళ దయచేసి బరి బయటకు రావాలి,” అంది లౌడ్‌స్పీకరు.

ఆమె కదల్లేదు. బరి పనులు చూసే మనిషి ఒకడు ఆమె వైపు రెండడుగులు వేశాడు. ఆమె అతని వైపు చూసింది. బూటు లేసు ఊడినట్టు వంగి సర్దుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

ఛాంపియన్ పోటీకి జడ్జి వేరే, వెయిర్ అనే పెద్దాయన. పక్క లోయ మనిషి. చెవుడని పేరు. వినదలచుకోనివి వినపడవు, అంతే. ఆయన తొందరపడలేదు. మిగతా పొట్టేళ్ళన్నీ చూసి చివరికి వీళ్ళ దగ్గరికి వచ్చాడు. పళ్ళు చూశాడు. కాళ్ళు చూశాడు. వీపు మీద ఊల్లోకి వేళ్ళు దించి చాలాసేపు ఉంచాడు. ఆ ఏడాది చాలా వీపుల్లో వేలికి ఎముక తగిలేది. ఆయన వేళ్ళు తీసి, జాజు కోటుకు తుడుచుకున్నాడు.

“చలికాలం దీన్ని సాకింది ఎవరు?”

“ఆ ప్రశ్న ఈ ఏడాది తీసేశారండీ,” అన్నాడు ఫీరన్.

“ఏంటి?”

“తీసేశారు. కమిటీ వాళ్ళు.”

“వినపడలేదబ్బాయ్. చలికాలం దీన్ని సాకింది ఎవరు?”

“ఇది నా పొట్టేలండీ.”

“ఎవరిదని అడగలేదు.”

ఫీరన్ పొట్టేలు వైపు చూశాడు. “హైగిల్‌లో ఉండింది,” అన్నాడు.

“హైగిల్ గోడలు పెట్టాయా మేత?”

తాడు పొడుగునా నవ్వు పాకింది. పెద్దగా కాదు. మా వాళ్ళు పెద్దగా నవ్వరు.

“మాసప్ వాళ్ళు,” అన్నాడు ఫీరన్.

వెయిర్ లౌడ్‌స్పీకరు బల్ల వైపు తిరిగాడు. “విన్నావా బాబూ? చదువు.”

పెంబర్టన్ కంగారుగా పాత కౌలుదారుల జాబితా కాగితాలు తిరగేశాడు. పొరపాటు పోకూడదని అతని ఆరాటం. దొరికింది. చదివాడు.

“చలికాలం సాకినవారు, హైగిల్ కౌలుదారు, శ్రీ విల్ఫ్రెడ్ మాసప్.”

 కుస్తీ బరి దగ్గర కేకలు ఒక్కటే వినిపించాయి. మంచులో తవ్విన చేతులు ఎదురుగా కొమ్ము పట్టుకుని ఉన్నాయి. పేరు మాత్రం మట్టిలో ఉన్నవాడికి వెళ్ళింది. విల్ఫ్ నా స్నేహితుడు. బతికుంటే అతనే సిగ్గుపడేవాడు. పెంబర్టన్ మంచి ఉద్దేశంతోనే చదివాడని ఎల్సీ ఇప్పటికీ అంటుంది. కావచ్చు. నాకు ఇప్పటికీ క్షమించాలని లేదు.

హన్నా గొంతు పెంచలేదు.

“విల్ఫ్ సెప్టెంబరులో పోయాడు,” అంది. “మంచు జనవరిలో పడింది.”

లౌడ్‌స్పీకరు లేకుండానే ఆ మాట డేరాల దాకా వెళ్ళింది. తాడు దగ్గర ఎవరో టోపీ తీశారు. పక్కవాళ్ళూ తీశారు. క్రాస్బీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“పేరు,” అన్నాడు వెయిర్.

“హన్నా మాసప్.”

“నాకు చెవుడబ్బాయ్.”

“హన్నా మాసప్,” అని అరిచాడు ఫీరన్, ఆమె వైపు తిరిగి. పట్నం పత్రిక ఫొటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే మీట నొక్కాడు.

వెయిర్ ఛాంపియన్ రిబ్బను ఆ పొట్టేలుకే ఇచ్చాడు. కప్పు ఫీరన్ అందుకున్నాడు. కప్పు యజమానిదే, అందులో గొడవ లేదు. కప్పు చంకలో పెట్టుకుని, రెండో చేయి చాచాడు.

“కలుపు హన్నా. అయిపోయిందేదో అయిపోయింది.”

“అద్దె గేటు దగ్గరే తీరిపోయిందన్నావుగా జోనస్. ఒకే పొట్టేలును రెండుసార్లు ఎలా అప్పగిస్తాను?”

కొమ్ము వదిలి, తాడు కింద నుంచి బయటికి వచ్చింది. ఫీరన్ చేయి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దాంతో టోపీ సర్దుకున్నాడు. చేయి కలవలేదు కాబట్టి ఆ అద్దె ఇంకా తీరలేదని, ఆ పొట్టేలు ఎముకలు సగం హైగిల్‌వేనని మా లోయలో ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు.

క్రాస్బీ ఆమె కోసం డేరా దగ్గర కాచుకుని ఉన్నాడు.

“మిసెస్ మాసప్, బాగా లాక్కొచ్చారు. ఒక ఏడాది పొడిగిస్తాం. వచ్చే మే షో నాటికి మళ్ళీ చూద్దాం.”

“విల్ఫ్‌కి ఎన్నేళ్ళు ఇచ్చారు?”

“అది వేరండి. మగవాళ్ళకు జీవితకాలం. ఆనవాయితీ.”

“ఆనవాయితీలు తీసేసే రోజేగా అయ్యా ఇవాళ. అదీ తీసేయండి. లేదంటే నాకూ పెట్టండి.”

అతను చుట్టూ చూశాడు. టోపీలు చేతిలో పట్టుకున్నవాళ్ళు ఇంకా అటే చూస్తున్నారు. ఎల్సీ రొట్టె కత్తి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. రొట్టె కోయడానికే, కానీ పెద్ద కత్తి.

“కాగితం పంపిస్తాను,” అన్నాడు క్రాస్బీ.

పంపించాడు. జీవితకాలానికే. విల్ఫ్రెడ్ మాసప్ పేరు మీద. హన్నా దాన్ని విప్పి చూసి, తెచ్చిన ముసలాయన చేతికే తిరిగి ఇచ్చింది.

“ఈయన ఇక్కడ ఉండటం లేదు. చర్చి వెనక, గోడ వారన. సంతకం పెడితే నన్నూ పిలువు, చూస్తాను.”

ఆమె పేరుతో కాగితం వచ్చేసరికి గడ్డి కోతలు మొదలయ్యాయి. హైగిల్‌లోనే ఆమె ముసలిదైంది. అక్కడే పోయింది. ఫీరన్‌కు ఏ శిక్షా పడలేదు. ఆ అక్టోబరు సంతలో అతని పొట్టేళ్ళ కోసం ఎప్పటిలాగే జనం ఎగబడ్డారు. మంచి పొట్టేళ్ళు మరి. హన్నా మాత్రం అతని పెద్ద పొట్టేలు ముందు నుంచి నడిచి వెళ్ళి, పక్క లోయవాళ్ళ దగ్గర ఒక చిన్నదాన్ని తీసుకుంది. కాళ్ళు కొంచెం వంకర. మే వచ్చేసరికి బరిలో దాని కొమ్ము పట్టుకుని నిలబడింది. ఏ బహుమతీ రాలేదు. పేరు చెప్పారు, చేయి కలిపారు.

ఆ ప్రశ్నను మళ్ళీ ఎవరూ తీసేయలేదు. జడ్జి మరిచిపోతే తాడు దగ్గర నుంచి ఎవరో ఒకరు అడుగుతారు. చాలా ఏళ్ళు ఆ గొంతు హన్నాదే.

ఫొటోకు ఫ్రేము కట్టించింది పెంబర్టన్. ఫ్రేము చిన్నదైందట, అందుకని ఒక పక్క కత్తిరించాల్సి వచ్చిందట. ఏ పక్క కత్తిరించాలన్న సందేహం అతనికి రాలేదు. గోడకు తగిలించిన రోజు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. హన్నా పక్కనే ఉంది.

“దించేయిస్తాను,” అన్నాను. “పత్రికవాళ్ళ దగ్గర పూర్తిది ఉంటుంది.”

ఆమె దగ్గరికి వెళ్ళి, కళ్ళు చికిలించి చూసింది.

“ఉండనీ. జోనస్ మొహం చూడు. ఎటు చూస్తున్నాడు?”

చూశాను. కెమెరాను చూడటం లేదు. జడ్జినీ చూడటం లేదు. నోరు తెరిచి, ఫ్రేము అవతలికి చూస్తున్నాడు.

“అక్కడ ఎవరూ లేకపోతే, ఎవరి మీద అరుస్తున్నట్టు?” అంది. అని కప్పులు కడగడానికి వెళ్ళింది.